ఫిర్యాదుల సెక్షనులో డాక్టరుగారు

పాపాయికి ముప్పై అయిదేళ్ళు. పుట్టినప్పుడు ముద్దుగా తగిలించిన ఆ పేరు బడిలో పోలేదు, పెళ్ళితో పోలేదు, ఆఖరికి పీహెచ్‌డీ వచ్చినా పోలేదు. తమాషా ఏమిటంటే, ఆమె ఏడేళ్ళు కూర్చుని పరిశోధన చేసింది మనుషులు ఉత్తరాల్లో ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారన్న దాని మీదే. “మహారాజశ్రీ” అని ఎవరికి రాస్తారు, “చిరంజీవి” అని ఎవరికి రాస్తారు, కోపం వచ్చినప్పుడు “గారు” ఎక్కడ జారిపోతుంది, “ఉభయకుశలోపరి” అన్నాక అసలు సంగతి ఎన్నో వాక్యంలో బయటపడుతుంది, ఇవన్నీ ఆమెకి కొట్టిన పిండి. ఇంట్లో మాత్రం అత్తగారు వంటింట్లోంచి “ఒసే పాపాయ్!” అని ఒక్క కేక వేస్తే ఆ శాస్త్రమంతా మూసిపెట్టి లేవాల్సిందే.

ఆ ఏడేళ్ళలో మూడేళ్ళు ఉత్తరాలు పోగెయ్యడానికీ, ఒక ఏడాది రాయడానికీ పోగా, మిగతా మూడేళ్ళూ గైడుగారి గదిలో గడిచాయి. ఆయన మంచివారే. కోపం లేదు, కసురుకోవడం లేదు. ఏ అధ్యాయం పట్టుకెళ్ళినా రెండు చేతులా అందుకుని “చూద్దామమ్మా” అనేవారు. అందుకే శిష్యులంతా ఆయన్ని చాటుగా చూద్దాంసారు అనుకునేవాళ్ళు. పాపాయి మూడో అధ్యాయాన్ని ఆయన పదకొండు నెలలు చూశారు. పన్నెండో నెలలో ఆమె ధైర్యం చేసి అడిగితే, కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టిన కాగితాల కట్టని లాగి, దుమ్ము దులిపి, “బాగుందమ్మా. మొదటి పేజీలో ఒక కామా ఎక్కువైంది” అన్నారు.

పాపాయి మొగుడు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. ఆ సాయంత్రం సంగతి విని పడీపడీ నవ్వాడు.

“ఇప్పటిదాకా ఆరువేల మందికి పళ్ళు కట్టాను పాపాయ్. మీ సారుతో ఒక్క సంతకం పెట్టించడానికి నీకిన్నేళ్ళా?”

“మీ దవడలు చూద్దాం అనవు కదండీ!” అంది పాపాయి.

మొత్తానికి ఆ కామా తీసేశాక సంతకం పడింది. వైవా ఇరవై నిమిషాలు జరిగింది. అందులో పదిహేను నిమిషాలు పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి తమ తాతగారు రాసిన ఉత్తరాల గురించి తామే చెప్పుకున్నారు. పాపాయి తలాడించింది. డాక్టరైపోయింది.

డాక్టరైన మర్నాటి నుంచీ ఉద్యోగాల వేట. నలభై మూడు దరఖాస్తులు పెట్టింది. పైన “గౌరవనీయులైన” అనాలా, ఉత్త “అయ్యా” అంటే సరిపోతుందా అని ఒక్కోదానికి పూటంతా ఆలోచించేది. ఆ ఆలోచనలో రెండు మూడింటికి గడువే దాటిపోయింది. కాలేజీలవాళ్ళు అనుభవం లేదన్నారు. బడులవాళ్ళు చదువు ఎక్కువైందన్నారు. ఒకచోట ఇంటర్వ్యూలో “ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తున్నారండీ?” అని అడిగినాయన, ఆమె జవాబు చెబుతున్నంతసేపూ వేళ్ళతో ఫోనులో ఎవరికో ఏదో రాస్తూనే ఉన్నాడు.

“పోనిద్దూ, ఉద్యోగం లేకపోతే కొంప మునిగిందా?” అన్నారు అత్తగారు. “మా ఇంట్లో ఒక డాక్టరుందని నలుగురిలో చెప్పుకుంటున్నానుగా.”

“నేను ఆ డాక్టర్ని కాదు కదా అత్తయ్యా.”

“అది నేనెందుకు చెబుతానే?”

ఒకరోజు మొగుడు పేపరు ముక్క ఒకటి చించి తెచ్చాడు. ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల సెక్షను. కొన్నవాళ్ళ ఉత్తరాలకి జవాబులు రాసేవాళ్ళు కావాలి, డిగ్రీ చాలు. “ఈసారి పీహెచ్‌డీ సంగతి రాయకు, భయపడతారు” అన్నాడు. పాపాయికి మనసొప్పలేదు. అయినా ఆ వరస కొట్టేసింది. కొట్టేశాక చూసుకుంటే బతుకులో ఏడేళ్ళు ఖాళీగా కనిపించాయి.

సెక్షను మేనేజరు కంట్లో సరిగ్గా అదే పడింది. కళ్ళజోడు ముక్కు చివరికి లాగి, “ఈ ఏడేళ్ళూ ఏం చేశారు?” అని అడిగింది.

అబద్ధం పాపాయికి నోటికి రాదు. “ఉత్తరాలు చదివానండీ.”

“ఎవరివి?”

“ఇతరులవి.”

మేనేజరు ఒక నిమిషం తేరిపార చూసి, ఏమనుకుందో ఏమో, ఫైలొకటి ముందుకి తోసింది. “అయితే ఇవీ చదవండి.”

అందులో మూడు ఉత్తరాలున్నాయి. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దాయన రాసినవి. మొదటిది “కంపెనీ యజమానిగారి దివ్యసముఖమునకు” అని మొదలైంది. రెండోది “అయ్యా” అని. మూడోదానికి పిలుపే లేదు. “మీ ఫ్యాను కిర్రుమనుచునే యున్నది. మీకు చీమ కుట్టినట్లయినను లేదు” అని నేరుగా అందుకుంది. మూడింటికీ కంపెనీ పంపిన జవాబు ఒక్కటే, అచ్చువేసిన చీటీ: “ప్రియమైన వినియోగదారుడా, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది.”

“ఈయన అభిప్రాయం చెప్పలేదండీ, ఫ్యాను కిర్రుమంటోందని చెప్పారు” అంది పాపాయి. “ఇక నాలుగో ఉత్తరం రాయరు. తిన్నగా వచ్చేస్తారు.”

“మీకెలా తెలుసు?”

“మొదటిదాంట్లో దణ్ణం పెట్టారు. రెండోదాంట్లో పిలిచారు. మూడోదాంట్లో పిలవడమే మానేశారు. మనిషి పిలవడం మానేశాడంటే చెప్పులు వేసుకుంటున్నాడన్న మాట.”

మేనేజరు నవ్వు ఆపుకుని, ఆరునెలలు చూస్తామని చెప్పి పనిలో పెట్టుకుంది.

మొదటి జవాబు ఆ గుమాస్తాగారికే. పాపాయి రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసింది. మేనేజరు దాన్ని చదివి, కాగితం అడుగున సన్నటి అక్షరాల మీద వేలు పెట్టింది.

“ఇవేమిటి డాక్టరుగారూ?”

పాపాయి చప్పున తలెత్తింది. “డాక్టరని మీకెవరు చెప్పారండీ?”

“ఫ్యాను గురించి రాస్తూ పదకొండు ఫుట్‌నోట్లు పెట్టేవాళ్ళు ఇంకెవరుంటారు? మా తమ్ముడూ ఒకడున్నాడు, తొమ్మిదో ఏడు నడుస్తోంది.” కాగితాలు తిరిగిచ్చేసింది. “మూడు ముక్కల్లో చెప్పండి. మీ ఉత్తరం చదివాం, తప్పు మాదే, ఫలానా రోజున మనిషొస్తాడు. అంతే.”

ఏడేళ్ళపాటు వాక్యాన్ని పేజీ చెయ్యడం నేర్చుకున్న మనిషికి పేజీని వాక్యం చెయ్యడం చచ్చే చావైంది. తొమ్మిదిసార్లు చించి పదోసారికి మూడు వాక్యాలు మిగిల్చింది. పైన “శ్రీయుత గుమాస్తాగారికి నమస్కారములు” అని మాత్రం ఉంచేసింది. మేనేజరు దాని జోలికి పోలేదు.

గురువారం మెకానిక్ వెళ్ళి, రెక్క దగ్గర మర బిగించి వచ్చాడు. రెండు నిమిషాల పని. శుక్రవారం పొద్దున్నే పెద్దాయన ఊడిపడ్డారు. బక్కపలచటి మనిషి, చేతిలో ఇంత లావు సంచీ.

“ఈ ఉత్తరం రాసిన పెద్దాయన్ని ఒకసారి పిలువమ్మా.”

“నేనేనండీ రాసింది.”

ఆయన ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశారు. ఎవరూ లేరు. కుర్చీలో కూలబడ్డారు.

“ఫ్యాను మళ్ళీ కిర్రుమంటోందా అండీ?” అని అడిగింది పాపాయి.

“లేదమ్మా, నిక్షేపంలా తిరుగుతోంది. అదే వచ్చిన చిక్కు. ఇక నీకు ఏమని రాయను?” అంటూ సంచీ మూతి విప్పారు. అడుగు నుంచి అంచుదాకా ఉత్తరాల కార్బన్ కాపీలు. నలభై ఏళ్ళుగా ఆయన రాసిన ఫిర్యాదులు. నీళ్ళ ఆఫీసుకీ, రైల్వేకీ, కరెంటువాళ్ళకీ, వీధి దీపానికి అడ్డం వచ్చిన కొమ్మని కొట్టనివ్వని పొరుగింటాయనకీ. తేదీలవారీగా, పురికొసతో కట్టి. “మా వాళ్ళు చిత్తుకాగితాల్లో పడేస్తామంటున్నారు. చదివే మనిషివి నువ్వొక్కదానివే కనపడ్డావు.”

పాపాయి లేచి సంచీ దగ్గరికి వచ్చింది. ఏడేళ్ళు అటకలన్నీ ఎక్కి దిగింది. ఉత్తరాలు దొరికాయి, కాని ముక్కలు ముక్కలుగా. ఒక్క మనిషి, నలభై ఏళ్ళు, వరస తప్పకుండా రాసినవి ఆమె ఏనాడూ కళ్ళచూడలేదు. నేల మీద చతికిలబడి మొదటి కట్ట విప్పింది. భోజనాల వేళ దాటిపోయింది. మేనేజరు కేకలెయ్యడానికి వచ్చి, పైనున్న కాగితం అందుకుంది. “ప్లాట్‌ఫారము మీది బెంచీకి ముందు కాలు లేదు. నేను కూర్చున్నంతనే అది మోకరిల్లి, నన్నును మోకరిల్లజేయుచున్నది.” నవ్వీ నవ్వీ ఆవిడా నేల మీదే కూర్చుంది. సాయంత్రానికి ఇరవై చదివింది.

ఆరునెలలయ్యాక పాపాయి ఉద్యోగం ఖాయమైంది. సెక్షనులో కొత్తగా చేరేవాళ్ళకి జవాబులు రాయడం నేర్పే పని కూడా ఆమెకే అప్పగించారు. కాలేజీవాళ్ళలో ఒకరు ఆలస్యంగా కబురు పంపారు గాని, అది ఎనిమిది నెలల తాత్కాలిక ఉద్యోగం. పాపాయి మూడు వాక్యాల్లో వద్దని రాసి పంపింది.

ఇప్పుడు ఆదివారాలు గుమాస్తాగారు ఇంటికే వస్తారు. పాపాయి ఒక్కో కాగితం పైకి చదువుతుంది, ఆయన ఆనాటి కథ చెబుతారు. మొగుడు పళ్ళ అచ్చులున్న అరని ఖాళీ చేసి కట్టలు సర్దిపెట్టాడు. “మళ్ళీ ఏడేళ్ళా?” అని అడిగాడు బెదురుగా. “ఏడాది” అంది పాపాయి. “ఇది మామూలు మనుషులు చదివే పుస్తకం.”

అత్తగారు మొదట్లో గుమ్మంలో నిలబడి వినేవారు. తర్వాత కుర్చీ తెచ్చుకున్నారు. ఒక ఆదివారం కుళాయి గురించిన ఉత్తరం విని కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, “ఇంతకీ నీళ్ళవాళ్ళు జవాబు రాశారా అన్నయ్యగారూ?” అని అడిగారు.

“లేదమ్మా.”

“పోనీ రైలువాళ్ళు?”

“ఎవరూ రాయలేదు. నలభై ఏళ్ళకీ కలిపి, తప్పు మాదే అని రాసింది మీ కోడలొక్కతే.”

అత్తగారు లేచి వెళ్ళి టీ పెట్టి తెచ్చారు. ముందు గుమాస్తాగారికి, తర్వాత కోడలికి ఇచ్చి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. పాపాయి తర్వాతి కాగితం తీసింది.