సీసా తెచ్చేలోపు

చిక్కడపల్లి దవాఖానల పద్దెనిమిదేండ్ల నుంచి మందులు కలుపుతున్న. చదివింది ఆరో తరగతి. అందుకే డాక్టర్ హైమవతి గారి యుక్తి నాకు అందలే.

మా దగ్గర నీళ్ల మందుకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలె. పెండ్లాం దెబ్బలతోని వచ్చి, మొగుడు పక్కన నిలబడి అన్నిటికీ తనే జవాబు చెప్తుంటే, డాక్టరమ్మ అతన్ని సీసా కోసం పంపుతది. అతను తిరిగొచ్చేలోపు ఆడమనిషిని అడుగుతది. కిందటి నెల అశోక్ నగర్ కిషన్ రావు భార్య జయశ్రీ విరిగిన వేలుతో వచ్చింది. బయట ఎండ మండుతున్నదని, అల్మారాల సీసా తీసి నేనే అతని చేతుల పెట్టిన. జయశ్రీ నోరు తెరవకుండనే పోయింది.

"నీ దయ తగలెయ్య, దాసయ్యా! నేను పంపింది సీసా కోసమనుకున్నావా?" అన్నది డాక్టరమ్మ.

ముందు చెప్తే గద తెలిసేది! కాంపౌండరుకు ఎవరు చెప్తరు?

ఇయ్యాల మళ్లొచ్చిన్రు. జయశ్రీ ఎడమ కన్ను వాచి మూసుకపోయింది.

"మెట్ల మీద జారింది డాక్టరమ్మా. జర చూసి నడువుమంటే ఇనదు," అన్నడు కిషన్ రావు. నా దిక్కు తిరిగి నవ్విండు. "దాసన్నా, నిన్ను పరేషాన్ చెయ్య. సీసా నేనే తెచ్చుకున్న."

డాక్టరమ్మ కలం ఆగింది.

సీసా తీసుకొని కడిగిన. కావాలనే గచ్చు మీద వదిలేసి పగలగొట్టిన.

"కండ్లు లేవా ముసలోడా!"

"జారిందన్నా. మీ ఇంటి మెట్ల మీద జారినట్లే," అన్న. "నా దగ్గర ఇంకోటి లేదు. నారాయణగూడ చౌరస్తాల దొరుకుతది."

అతను అల్మారా దిక్కు చూసిండు. దానికి అడ్డం నిలబడ్డ. పెద్దోళ్లకు చెప్పి నా నౌకరీ తీపిస్తడేమో అనుకున్న. ఆఖరికి సైకిలెక్కిండు.

తెర వెనక డాక్టరమ్మ గొంతు వినబడ్డది. "ఇంట్లో కొడుతున్నాడా అమ్మా?"

నేను గాజుపెంకులు ఏరుతున్న.

"కొడుతడు. చెప్పిన. ఇప్పుడు ఏ ఇంటికి పోవాలె?" అన్నది జయశ్రీ.

అంత చదివిన డాక్టరమ్మ అడుగుడు దాకనే ఆలోచించింది.

"మీవాళ్లెవరున్నరమ్మా?" తెర బయటి నుంచి నేనే అడిగిన.

"రాంనగర్ల మా అక్క సులోచన. ఆయన పోనియ్యడు."

"ఆయన ఇప్పుడు లేడు గద."

ఆమె లేచింది. వెనక తలుపు గడియ తీసి రిక్షా పిలిచిన. ఉత్త కాళ్లతోనే ఎక్కింది.

రిక్షా మలుపు తిరగంగనే ముందట సైకిల్ గంట మోగింది. కిషన్ రావు రెండు సీసాలు తెచ్చిండు.

"ఒకటి పగలగొట్టు, చూస్త," అన్నడు. "ఆమె ఏది?"

"తెర వెనక. డాక్టరమ్మ చూస్తున్నది."

అతను గడప దిక్కు చూసిండు. ఆమె చెప్పులు అక్కడనే ఉన్నయ్. బల్ల మీద కూసున్నడు.

రిక్షా ఇంకా రాంనగర్ చేరి ఉండదు. సీసా కడుగుడు మొదలుపెట్టిన.