వర్జిల్ ఇచ్చిన పిన్ను

మా ఆయన డేల్‌కి గరాజు సర్దే పిచ్చి పట్టినప్పుడల్లా నా ప్రాణం మీదికి వస్తుంది. ఈసారి నా మేకుల డబ్బాని చెత్తబుట్టలో బోర్లించబోతూ దొరికిపోయాడు.

"ఈ తుప్పు ముక్క కూడా దాచుకోవాలా రోండా?"

"దాని మీద చెయ్యి వేశావంటే నిన్నే చెత్తబండి ఎక్కిస్తాను."

అది వేలెడంత ఇనప పిన్ను. డెర్బీలో, అంటే పిల్లల బండ్ల పందెంలో, బండి ఇరుసు చివర, చక్రం ఊడిపోకుండా పెట్టేది. డెర్బీ నుంచి నేను కప్పులేమీ తెచ్చుకోలేదు. ఇదొక్కటే తెచ్చుకున్నాను.

ఆగస్టు వచ్చిందంటే మా ఆక్రన్ ఊరికి దేశం నలుమూలల నుంచీ పిల్లలు సొంతంగా చేసుకున్న బండ్లతో దిగుతారు. ఇంజను ఉండదు, కొండ మీద వదిలితే వాలుకి దొర్లుకుంటూ రావడమే. పన్నెండో ఏట నేనూ దిగాను. నాన్న టైర్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి, నిద్ర మానుకుని, నాతో కలిసి బండి చేశాడు. దానికేసిన పసుపు రంగు అమ్మ వంటింటి గోడలకని దాచుకున్నది. ఆ గొడవ ఇప్పుడెందుకులెండి.

మొదటి పోటీ వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల ఊరి కుర్రాడితో పడింది. పేరు వర్జిల్ స్టాంపర్. వట్టి ఎముకల పోగు, నోరు మాత్రం పెద్దది.

"స్కూలు బస్సనుకుని పిల్లలు ఎక్కేస్తారు, జాగ్రత్త!" అన్నాడు నా బండిని చూసి.

ఇద్దరం రెండుసార్లు దిగాలి. మొదటి పరుగు అయ్యాక అతని చక్రాలు నాకు, నావి అతనికి మారుస్తారు, చక్రాల బలంతో గెలిచారన్న మాట రాకుండా. రెండు పరుగులూ కలిపి ఎవరు ముందుంటే వాళ్ళదే గెలుపు. మొదటిదాంట్లో వర్జిల్ నన్ను కొద్దిలో కొట్టేశాడు.

చక్రాలు మార్చారు. మళ్ళీ కొండెక్కి బండ్లలో నక్కి కూర్చున్నాం. ఇక వదులుతారనగా వర్జిల్ చెయ్యెత్తి అరిచాడు.

"ఆగండాగండి! ఆ పిల్ల వెనక చక్రానికి పిన్ను లేదు!"

నాన్న ముఖం పాలిపోయింది. చక్రం ఎక్కించిందీ ఆయనే, పిన్ను మరిచిందీ ఆయనే. ఆయన జేబులు తడుముకుంటూ ఉండగానే వర్జిల్ తన బండి దిగి, తన దగ్గరున్న అదనపు పిన్ను తీసి దూర్చేశాడు. ఆ వాలులో చక్రం ఊడి ఉంటే ఇవాళ ఈ కథ చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఆ పరుగులో నేను బాగా ముందొచ్చాను. రెండూ కలిపితే గెలుపు నాది. వర్జిల్ ఇక ఇంటికే.

కింద వాళ్ళన్న అతని మీద విరుచుకుపడ్డాడు. "నోరు మూసుకుని కూర్చుంటే గెలిచేవాడివి కదరా వెధవా!"

"అవి నా చక్రాల్రా," అన్నాడు వర్జిల్ కళ్ళు తుడుచుకుంటూ. "నా చక్రం ఆ పిల్లని పడేస్తే నేను గెలిచినట్టా?"

పిన్ను తీసి ఇవ్వబోయాను. "ఉంచుకో, నాకింక దాంతో పన్లేదు" అన్నాడు. తరవాతి పోటీలో నేను చిత్తుగా ఓడాను. అయినా ఏం? నా పెళ్ళీ, నా పిల్లలూ, చెత్తబుట్ట పట్టుకు తిరిగే ఈ మొగుడూ, అన్నీ ఆ పిన్ను పుణ్యమే.

ఏటా ఆగస్టులో వర్జిల్‌కి ఫోన్ చేస్తాను. ఈసారి మా మనవరాలు టెస్సా పోటీకి దిగింది.

"పిన్నుందా పిల్లా?" అన్నాడు.

"ఉంది. డేల్ చేతుల్లోంచి లాక్కున్నాను."

"మనవరాలేం చేసింది?"

"మొదటి పోటీలోనే ఓడింది."

"మీ ఇంటావంటా ఉన్నదేగా."

"అది కాదు వర్జిల్. తన బండి ఎక్కేముందు వెళ్ళి, వంగి, పక్క బండి చక్రాలకి పిన్నులున్నాయో లేదో చూసొచ్చింది. చూడమని ఎవరూ చెప్పలేదు."





అవతల వర్జిల్ ముక్కు చీదుకున్నాడు. "ఎవరూ చెప్పలేదంటావేం? ఇన్నేళ్ళుగా ఆ పిన్ను కథ నువ్వు చెప్పడం మానితేగా! ఇంక ఆ పిన్ను దానికిచ్చెయ్."

ఇచ్చేశాను. డబ్బాలో ఒక తుప్పు ముక్క తగ్గిందని డేల్ సంతోషించాడు.