సేవ్ చేసిన వాన

ఆదివారం పొద్దున లేవగానే మెకానిక్ చేసే మొదటి పని కంప్యూటర్ మూత విప్పడం. లోకమంతా తన మొహం తాను కడుక్కుంటుంటే ఆయన కంప్యూటర్ మొహం కడిగేవాడు. పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కల మీది దుమ్ము దులిపి, ర్యామ్ ముక్క ఊడదీసి, దాని పసుపుపచ్చ పళ్ళని పెన్సిలు రబ్బరుతో తోమి, మళ్ళీ టక్కున నొక్కి పెట్టేవాడు.

ఆయన లిఫ్టుల మెకానిక్. అలాంటి ఇలాంటి మెకానిక్ కాదు. కింద నిలబడి తీగకి చెవి ఆనించి, పదో అంతస్తులో ఏ బోల్టు అలిగిందో చెప్పేసేవాడు. ఆయన బాగుచేసిన లిఫ్టులన్నీ ఒక్కసారిగా పైకి లేస్తే ఊరు మొత్తం జానెడు ఎత్తు లేస్తుందని తోటివాళ్ళు అనేవారు. జానెడేమిటి, మూరెడు లేచేది.

అంతటివాడు దుకాణంలో కంప్యూటర్ కొనుక్కుంటాడా? సొంతంగా కట్టాడు. పాత లిఫ్టు కంట్రోల్ బాక్సే దానికి పెట్టె. ఇంకో లిఫ్టు నుంచి ఊడదీసిన గ్రౌండ్ ఫ్లోర్ బొత్తాం దానికి స్విచ్చు. మదర్‌బోర్డు ఒక ఆఫీసు పారేసిన సామాన్ల గుట్టలోది, మానిటరు ఇంకో గుట్టలోది. అన్నీ బిగించాక, అందరి కంప్యూటర్లలో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ పెట్టెలో కాపురం చేయనని మొరాయించింది. ఆయన వదిలితేనా? ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి ఊరికే పంచిపెట్టే ఇంకో సిస్టమ్‌ని సీడీలో తెచ్చి నూటొక్కసార్లు ఎక్కించాడు. నూరుసార్లు అది తిరగబడింది. నూటొకటోసారి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా బిలబిలా పాకాయి.

"వచ్చిందా?" అని వంటింట్లోంచి అడిగింది భార్య.

"వచ్చింది. ఇంక పొమ్మన్నా పోదు."

ఆ సిస్టమ్‌కి ఒక గుణం ఉండేది. ఫైలు తెరిస్తే, దాన్ని చివరిసారి సేవ్ చేసినప్పటి వాతావరణం గదిలోకి వచ్చేది. ఎండలో సేవ్ చేసిన ఫైలైతే ఎండ, ఈదురుగాలిలో చేసిందైతే ఈదురుగాలి. ఫైలు మూసేస్తే అంతా పోయేది, చెమ్మ కూడా మిగిలేది కాదు. ముసురు రోజుల్లో పైవాటా ఆవిడ తడి దుప్పట్లు భుజాన వేసుకుని దిగేది.

"మెకానిక్ గారూ, ఆ స్పేర్ పార్టుల లిస్టు కాస్త తెరుస్తారా? రెండు రోజులైంది, ఇవి ఆరి చావట్లేదు."

ఆ లిస్టు నడివేసవిలో మిట్టమధ్యాహ్నం సేవ్ చేసింది. పది నిమిషాల్లో దుప్పట్లు అట్టల్లా అయ్యేవి. ఇందులో ఎవరికీ వింత కనపడలేదు. వింతంతా ప్రింటరు సంగతే. ఏం చేసినా ఆ సిస్టమ్‌కి ప్రింటరు పలకలేదు. "ఆ మాత్రం ప్రింటరు పలక్కపోవడమేమిటండీ!" అని వీధంతా ముక్కున వేలేసుకునేది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉండాలి. పాత ఫైలు తెరిచి చూసి ఊరికే మూసేయాలి. మళ్ళీ సేవ్ కొడితే పాత రోజు పోయి ఇవాళ్టి వాతావరణం వచ్చి కూర్చునేది.

నాలుగేళ్ళ కిందట భార్య పోయినప్పుడు ఆవిడ ఫైళ్ళు రెండే మిగిలాయి. మొదటిది సామాన్ల జాబితా. చలికాలపు పొద్దుటెండలో సేవ్ చేసింది. తెరిస్తే వీపు మీద ఆ ఎండ పడి, ఆవిడ పక్కనే నిలబడి తల తుడుచుకుంటున్నట్టు ఉండేది. ఆవిడ పోయిన నెలలోపే ఒకరోజు మెకానిక్ దాన్ని తెరిచి చూసుకుని, మూసేటప్పుడు చేతి అలవాటు కొద్దీ సేవ్ నొక్కాడు. పని కాగానే మూత పెట్టి స్క్రూ బిగించి మరీ వెళ్ళే చేతులవి, ఏం చేస్తాయి? ఆ రోజు గాలాడని ఉక్క. పొద్దుటెండ పోయింది. ఆ తరవాత ఆ ఫైలు తెరిస్తే చెమట పట్టేది, అంతే.

ఇక మిగిలింది రెండోది. అది ఆవిడ తమ్ముడికి రాస్తూ రాస్తూ ఆపి, ఎండావానలో సేవ్ చేసిన ఉత్తరం.

ఆ తమ్ముడు కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగి. కొత్తలో ఈ యంత్రాన్ని చూడటానికి వచ్చి, "ఇది కంప్యూటరా బావా, బిస్కెట్ల డబ్బానా?" అని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వేశాడు. భార్య నవ్వలేదు. మొగుడు నూటొక్కసార్లు పడిన పాట్లు చూసిన మనిషి. "మా ఇంటికొచ్చి మా ఆయన్ని వెక్కిరిస్తావా? మళ్ళీ ఈ గడప తొక్కకు," అంది. తమ్ముడికీ అక్క పౌరుషమే. రెండేళ్ళు తొక్కలేదు. అక్క వంతెన దగ్గర బస్సు ప్రమాదంలో పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి వెనక్కి వెళ్ళిపోయాడు. కూతురింట్లో ఉంటున్న తల్లి ఆ రోజే తెగేసి చెప్పింది: "అక్క గుమ్మం దాటనివాడి గుమ్మం నేనూ దాటను."

అలా అల్లుడూ అత్తగారూ ఒక ఇంట్లో మిగిలిపోయారు.

ఆ మొదటి ఏడే మెకానిక్ ఉత్తరాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బావమరిదికి పంపాడు. కాపీలో అక్షరాలు వెళ్ళాయి, వాన వెళ్ళలేదు. బావమరిది ఒక్క ముక్క జవాబు రాశాడు: "టైపు ఎవరైనా కొట్టొచ్చు బావా." ఆ మాట మెకానిక్ గుండెలో మేకులా దిగబడింది. "వాణ్ణి పిలిచి ఆ వానలో నిలబెట్టు, వాడే నమ్ముతాడు," అని అత్తగారు ఎన్నిసార్లు అడిగినా, "వచ్చే వారం చూద్దాం" అని దాటేసేవాడు. నాలుగేళ్ళూ వచ్చే వారాలే అయ్యాయి.

ప్రతి ఆదివారం అత్తా అల్లుడూ కంప్యూటర్‌కి గొడుగు కట్టి, రెండు స్టూళ్ళు వేసుకుని ఆ ఫైలు తెరిచేవాళ్ళు. ఎండా వానా కలిసి పడేవి. అత్తగారు మొహం పైకెత్తి కళ్ళు మూసుకునేది. మెకానిక్ అరచేతులు చాపి కూర్చునేవాడు. పావుగంట తరవాత మూసేసి పొడిబట్టలతో లేచేవారు. ఆ వారానికి అదే బలం.

ఆ ఆదివారం స్విచ్చు నొక్కగానే పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొన హార్డ్ డిస్కుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విన్నాడు. వెయ్యి లిఫ్టుల ఆయువు చెప్పిన చెవి అది. వెంటనే కంప్యూటర్ ఆపేశాడు.

"ఏమైంది?" అంది అత్తగారు.

"డిస్కు పోతోంది అత్తయ్యా. ఇంకొక్కసారి తెరుచుకుంటుంది. అదీ దాని దయ."

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులు తడిగా లేకపోయినా. "అయితే వాణ్ణి పిలువు."

"ఎవర్ని?"

"ఎవర్నేమిటి? నాకున్నది ఒక్కడేగా."

"నన్ను అబద్ధాలకోరన్నవాడికి ఉన్న ఒక్కసారీ ఇచ్చేయమంటారా? మీ అమ్మాయిది నాకింకేం మిగిలింది చెప్పండి."

"నాలుగేళ్ళూ నువ్వు తడిశావు, నేను తడిశాను. వాడొక్కడే పొడిగా ఉన్నాడు," అంది ఆవిడ.

మెకానిక్ స్క్రూడ్రైవర్ సంచీలో పడేసి బయటికి నడిచాడు. ఆ వారమంతా ఇంట్లో మాటలు లేవు. ఆయన లిఫ్టుల మీద కోపం చూపించాడు. ఏడు రోజుల పని నాలుగు రోజుల్లో విరగదీశాడు. శుక్రవారం అత్తగారు కూరగాయలకి వెళ్ళిన వేళ చూసి, ఆ ఉత్తరం ఒక్కడే తెరిచి చూసేసుకుందామని గదిలోకి వచ్చాడు. అక్కడ స్టూళ్ళు మూడున్నాయి. మూడోది అటక మీది పాతది. కడిగి, కుంటి కాలు కింద అట్టముక్క పెట్టి, తెరకి ఎదురుగా మధ్యలో వేసి ఉంది. ఆయన కాసేపు నిలబడి, బయటికొచ్చి ఫోను తీశాడు.

"నేను. బావని."

బావమరిది ముందు తల్లి సంగతే అడిగాడు. "అమ్మ బాగుందా?"

"బాగుంది. ఆదివారం పొద్దున్న రా. ఆ ఉత్తరం ఉన్న డిస్కు పోతోంది. చివరిసారి తెరుస్తాను."

"ఎందుకు బావా మళ్ళీ అవన్నీ?"

"నేను టైపు కొట్టానో లేదో చూసుకుని పోదువుగాని."

ఆదివారం వచ్చాడు. జుట్టు నెరిసింది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"రారా," అంది తల్లి.

"అక్క తొక్కొద్దంది అమ్మా. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అక్క లేదు."

"పోనీ కిటికీలోంచి దూకు. చిన్నప్పటి అలవాటేగా."

మెకానిక్ లోపలికి వెళ్ళి పనిముట్ల సంచీ తెచ్చాడు. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, గచ్చులో పాతిన టేకు గడప చుట్టూ ఉలి దించాడు. ముగ్గురు వడ్రంగులు పూటంతా చేసే పని. ఆయనకి పది నిమిషాలు చాలాయి. గడప పెకలించి గోడకి ఆనించాడు. దాని చోట జానెడు వెడల్పు గాడి మిగిలింది.

"ఇప్పుడు తొక్కడానికి గడప లేదు. రా," అన్నాడు.

బావమరిది ఆ గాడి మీదుగా అడుగేశాడు. తల్లి అతని చెయ్యి పట్టుకుని మధ్య స్టూలు మీద కూర్చోబెట్టింది. మెకానిక్ బొత్తాం నొక్కాడు. డిస్కు టిక్కుమంది, ఆగింది, మళ్ళీ టిక్కుమంది. చీమల బారు పాకింది. ఫైలు తెరుచుకుంది.

ముందు దుమ్ము తడిసిన వాసన. తరవాత ఏటవాలు ఎండ. ఆ ఎండలోంచే పెద్ద పెద్ద చినుకులు. తెర మీద రెండే వరుసలు: "తమ్ముడూ, ఆ రోజు నోరు జారాను. నువ్వు రాకపోతే ఈ ఇంట్లో నాకేం బాగోలేదు. నువ్వెప్పుడు వచ్చినా తలుపు" అంతే. అక్కడే ఆపి, సేవ్ చేసి, డ్యూటీకి టైమైందని వంతెన దగ్గర పడిన ఆ బస్సే ఎక్కిన మనిషి.

బావమరిది తెర వంక చూడట్లేదు. పైకి చూస్తున్నాడు. చినుకులు కళ్ళల్లో పడుతున్నా రెప్ప వేయట్లేదు.

"ఇప్పుడు ఆ మూల నుంచి ఉరుముతుంది," అన్నాడు.

ఆ మూల నుంచే ఉరిమింది.

మెకానిక్ అతని వైపు తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"ఈ వానలో నేనున్నాను బావా. మీ వీధి చివర, మందుల షాపు చూరు కింద. అక్క బయటికొస్తే కనపడదామని వచ్చాను. గంట నిలబడ్డాను. ఉరిమింది. సిగ్గేసి వెళ్ళిపోయాను."

మందుల షాపుకీ ఈ గదికీ మధ్య నూట ఇరవై అడుగులు. లిఫ్టు తీగైతే ఆ పొడవు మెకానిక్ కంటిచూపుతో కొలిచేవాడు. ఆ నూట ఇరవై అడుగుల్లో ఒక చివర అక్క ఉత్తరం రాసుకుంటోంది, ఇంకో చివర తమ్ముడు తడుస్తున్నాడు. తల్లి కొడుకు తల తన పొట్టకి ఆనించుకుంది. అతను చిన్నపిల్లాడిలా, చప్పుడు పెద్దదవుతుందని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. నాలుగేళ్ళలో ఏ ఆదివారం పిలిచినా ఈ ఏడుపు ఆ రోజే అయిపోయేదని మెకానిక్‌కి తెలిసింది.

అప్పుడు డిస్కు ఒక్కసారి గట్టిగా గీరుకుని ఆగిపోయింది. తెర అలాగే బిగుసుకుపోయింది. మెకానిక్ ఫైలు మూయబోయాడు. మూతపడలేదు. వాన సన్నబడి, సన్నబడి నిలిచింది గానీ, నీళ్ళు పోలేదు. మూయని ఫైలు కదా. ముగ్గురి బట్టలూ తడిసే ఉన్నాయి. నేల మీది నీళ్ళు నెమ్మదిగా గుమ్మం వైపు పారి, గడప తీసిన గాడిలో నిండాయి.

"అమ్మా, ఇంటికి రా," అన్నాడు కొడుకు.

ఆవిడ అల్లుడి వైపు చూసింది. "నువ్వొక్కడివీ..."

"వెళ్ళండి అత్తయ్యా. నాకు ఊరినిండా లిఫ్టులున్నాయి," అన్నాడు మెకానిక్. ఆవిడ చీరలు ఆయనే మడతపెట్టి ఇచ్చాడు. సాయంత్రానికి ఇద్దరూ ఆ గాడి దాటి వెళ్ళారు.

తరవాతి వారం ఆయన కొత్త డిస్కు బిగించి, సిస్టమ్ ఎక్కించాడు. ఈసారి ఒక్కసారికే ఎక్కింది. అందులో ఫైళ్ళేమీ లేవు. గదిలో మామూలు గాలే ఉంది.

ఆదివారం పొద్దున్న ఫోను మోగింది.

"తిన్నావా?" అంది అత్తగారు.

"తిన్నాను. మీవాడు బాగా చూసుకుంటున్నాడా?"

"ఇల్లంతా నాకే వదిలేశాడు. ఇంతకీ ఆ గడప మళ్ళీ పెట్టావా? పురుగూ పుట్రా వస్తాయి."

మెకానిక్ గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. వారం రోజుల ఎండకి కూడా గాడిలో నీళ్ళు వేలెడు లోతు అలాగే ఉన్నాయి. ఆయన అందులో చెయ్యి పెట్టి ఉంచాడు.

"పెట్టేశానత్తయ్యా," అన్నాడు.