రాక్షసగుడిలో మూడు గుంతలు

సౌదీలోని తాయిఫ్ కొండల్లో దానిమ్మ తోట పనికి వచ్చిన జగిత్యాల బాలన్న, మూడో రాయి పెకలించాక గానీ అసలు సంగతి గమనించలేదు. మోటారు గది గోడకు రాళ్లు కావాలన్నాడు తోట యజమాని కఫీల్. సాయంత్రంకల్లా తెమ్మన్నాడు పాకిస్తానీ ఫోర్‌మన్ నయీమ్. చేతిలో గడ్డపార ఉంది, ఇంకేం, కనబడ్డ రాయినల్లా పీకడమే. నడుం పట్టేసి వెనక్కి జరిగి చూస్తే, ఓరి దీని! మోకాలెత్తు బండలు గుండ్రంగా నిలబడి ఉన్నాయి.

అచ్చం తమ ఊరి గుట్ట కింద ఉన్న రాక్షసగుడే. పేరుకే గుడి. ఎప్పటి మనుషులో తమవాళ్లను పాతిపెట్టి చుట్టూ బండలు నిలిపిన చోటు. చిన్నప్పుడు అక్కడే మేకలు కాశాడు. మరి ఇది ఇంతదూరం ఎలా వచ్చిందబ్బా? బాలన్నకు పని మీద ధ్యాస పోయింది. లోపలికి దిగి వంగి చూస్తే, వలయం నడుమ అరచేయంత రాళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆ వరుస ఒకచోట చాట అంచులా బయటికి వంగింది. ఇది పెద్ద బండలవాళ్ల పని కాదు, తర్వాత ఎవరో వచ్చారు. ఎవరు? ఎందుకు?

ఆలస్యమైందని తిట్టడానికి వచ్చిన నయీమ్‌నే అడిగాడు. నయీమ్ తిట్టు మింగేసి చెప్పులు విప్పాడు. ఆ వంపు మక్కా వైపు ఉందనీ, ఒంటెలు తోలుకుపోయేవాళ్లు నమాజు కోసం ఇలా రాళ్లు పేర్చుకునేవారనీ చెప్పాడు. ఇక్కడి రాయి ముట్టొద్దని, కఫీల్‌తో తాను మాట్లాడుకుంటానని అన్నాడు.

పని తప్పినందుకు సంతోషించాల్సింది పోయి బాలన్నకు సిగ్గేసింది. గోరీ ఎవరిదో తెలియకపోయినా ఆ బాటసారులు ఒక్క బండ కదపలేదు. తాను ఒక్క పూటలో మూడు పీకాడు. మట్టి మరక ఎంతవరకు ఉందో చూసుకుంటూ, ఏ బండను ఆ బండ గుంతలోనే నిలబెట్టేసరికి పొద్దు వాలింది. నయీమ్ కూడా ఒక చెయ్యి వేశాడు.

గదికి చేరగానే తల్లి గౌరవ్వకు ఫోన్ చేసి, ఊళ్లో రాక్షసగుడి ఇంకా ఉందా అని అడిగాడు.

"ఉన్నది, యాడికి వోతది? ఒక్క బండనే తక్కువ," అంది గౌరవ్వ. "మీ నాయిన వట్టుకొచ్చిండు గదరా. దాని మీదనే గద నీ బట్టలన్ని ఉతికిన."



"ఆ గుంత పూడిందా, అవ్వా?"

"లే బిడ్డా, అట్లనే ఉన్నది."

"ఇగ దాని మీద ఉతకకే. సెలవుకొచ్చి దాని జాగల వెడ్త."