మూడో ప్రకటన

సుదర్శన్ ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న మీద పరిశోధన చేస్తున్నాడు: మనిషి ఎప్పుడు మాట్లాడాలి? ప్రాచీన హెబ్రీ జ్ఞానులు ఈ విషయాన్ని కొద్ది పంక్తుల్లో ముగించారు. సుదర్శన్ నాలుగు వందల పేజీలు రాశాడు, ఇంకా తేలలేదు. తత్వశాస్త్ర విభాగంలో అతని గైడు ఆ ఆలస్యాన్ని గాంభీర్యం కింద లెక్కవేసేవారు.

నిరోష అదే విభాగంలో అతని జూనియర్. ఇద్దరి కుటుంబాలదీ లాలాగూడలో ఒకే చర్చి. ఆమెకు రవికాంత్ అనే బ్యాంకు ఉద్యోగితో పెళ్లి కుదిరింది. పెళ్లిచూపుల్లో నిరోష ఒక్కటే అడిగింది: పీహెచ్‌డీ పూర్తి చేయనివ్వాలి. రవికాంత్ తల ఊపాడు. ఆమె తండ్రి దానయ్య ఆ తల ఊపడాన్ని దేవుని చిత్తంగా స్వీకరించి ఫంక్షన్ హాలు మాట్లాడాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, లైబ్రరీకని చెప్పి బయల్దేరిన సుదర్శన్ తార్నాకలో ఒక బారులో కూర్చుని ఉన్నాడు. ప్లైవుడ్ అడ్డుగోడకు అవతల, పెళ్లిచూపుల రోజు తానూ విన్న రవికాంత్ గొంతు వినిపించింది.

"పీహెచ్‌డీయా? పెళ్లయ్యాక ఎవడు పంపుతాడండీ బాబూ! ఇప్పుడే అంటే సంబంధం చెడిపోద్ది. పెళ్లయ్యేదాకా నోరు మూసుకుంటే సరిపోద్ది."

స్నేహితులు నవ్వారు. సుదర్శన్‌కు ముందు కలిగింది కోపం కాదు, అసూయ. తన నాలుగో అధ్యాయం సారాన్ని ఇతను పల్లీలు నములుతూ చెప్పేశాడు. ఎప్పుడు మౌనంగా ఉండాలో ఇతనికి తెలుసు, ఎప్పుడు నోరు తెరవాలో కూడా తెలుసు. అయితే ఇతను జ్ఞాని కాకపోవడానికి కారణమేమిటి? ఆ ప్రశ్నకు నాలుగో అధ్యాయంలో జవాబు లేదు.

మర్నాడు క్యాంపస్ క్యాంటీన్‌లో నిరోష ఎదుట కూర్చున్నాడు.

"నిరోషా, ఒక మాట నిజమే అనుకో. నిజమైనంత మాత్రాన చెప్పొచ్చంటవా?"

"ఇది చాప్టరా అన్నా, ముచ్చటా?"

"చాప్టరే అనుకో."

"అయితే గైడ్‌కు చెప్పు. అమ్మ సిగ్నల్ కాడ నిలబడ్డది. పెళ్లి కార్డు మోడల్ చూడాలె."

ఆమె వెళ్లిపోయింది. అతని బాధ కేవలం సత్యానికి సంబంధించినది కాదు. చెబితే, ఎక్కడ విన్నావని అడుగుతారు. అతని తల్లి లచ్చమ్మ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. మద్యపానం మానిపించమని ఆమె ప్రార్థిస్తే పైకప్పు రేకులు అదిరేవి.

ఆ చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు ప్రకటనగా చదువుతారు. అడ్డంకి ఏదైనా తెలిసినవారు చెప్పాలని పాస్టరు అయ్యగారు సంఘాన్ని అడుగుతారు. అడిగి, ఎవరూ చెప్పకుండా ఉండేందుకు సరిపడా ఊపిరి తీసుకుని, కానుకల పాట నంబరు ప్రకటిస్తారు.

మొదటి ఆదివారం సమయం పరిపక్వం కాలేదని సుదర్శన్ నిర్ణయించాడు. తాను చదివే జ్ఞానగ్రంథాల్లో పక్కపక్కనే రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి మాట్లాడమంటుంది, మరొకటి వద్దంటుంది. రెండో ఆదివారం అతను వద్దన్నదానికి విధేయుడయ్యాడు. దానికి లేచి నిలబడే పని లేదు.

మూడో ఆదివారం రవికాంత్ బౌద్ధనగర్ నుంచి కుటుంబంతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆరాధన తర్వాత భోజనాలు దానయ్య ఇంట్లో. అయ్యగారు పేర్లు చదివారు, అడిగారు, ఊపిరి తీసుకున్నారు. సుదర్శన్ లేచాడు. లేవాలని నిర్ణయించుకోలేదు, నిర్ణయించుకోవడానికి ఇక ఆదివారాలు లేవు.

"ఏంది బిడ్డా? ప్రార్థన విన్నపమైతే తర్వాత చెప్పు."

"విన్నపం కాదయ్యగారూ. అభ్యంతరం."

ఆ గోడల మధ్య అయ్యగారి ప్రశ్నకు బదులు రావడం అదే మొదటిసారి. అయ్యగారు చేతిలోని పుస్తకం తిరగేశారు. ఎవరైనా నిజంగా లేస్తే ఏం చేయాలో అందులో లేదు.

సుదర్శన్ దగ్గర ఒక పీఠిక, రెండు నిర్వచనాలు సిద్ధంగా ఉన్నాయి. నిరోష వెనక్కి తిరిగి చూసింది. అన్నీ ఎగిరిపోయాయి.

"నిరోషా, పెళ్లయినంక నిన్ను చదువనియ్యడంట. బార్ల దోస్తులకు చెప్తుంటే విన్న."

దానయ్య లేచాడు. "ఏ బార్లరా?"

"తార్నాకల, మామా."

"నువ్వేం జేస్తున్నవ్ గాడ?"

"తాగుతున్న."

స్త్రీల వైపు నుంచి "యేసయ్యా!" అని లచ్చమ్మ గొంతు. అది ప్రార్థనో తిట్టో ఎవరూ అడగలేదు.

నిరోష రవికాంత్ వైపు చూసింది. "ఆ మాట అన్నరా?"

అబద్ధమని ఒక్క మాట అంటే సరిపోయేది. రవికాంత్ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఇప్పుడు మాట్లాడుకునే విషయమా ఇది? దేనికైనా సమయం సందర్భం ఉండాలి కదండీ."

"అయ్యగారూ," అంది నిరోష, "పాట నంబర్ చెప్పుండ్రి. ఈ ప్రకటన ఇక వద్దు."

వండిన బగారన్నం పారేయలేక, పెళ్లికొడుకు వాళ్లు తప్ప సంఘమంతా ఆ మధ్యాహ్నం దానయ్య ఇంట్లో తిన్నది. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రెండోసారి వడ్డించుకోవడం మాత్రం మానలేదు. దానయ్య తలుపు దగ్గర కూర్చుని, లోపలికి వచ్చిన ప్రతివారి ముందూ తల దించుకున్నాడు.

సోమవారం స్కాలర్ల గదిలో నిరోష అతని బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె కృతజ్ఞత చెబుతుందని అతను అనుకున్నాడు. వినయంగా ఎలా స్వీకరించాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

"మొదటి ఆదివారం నాటికే తెల్సా నీకు?"

"తెల్సు."

"అప్పటికి కార్డులు కొట్టియ్యలే. చీరలు కొనలే. నాకొక్కదానికి చెప్తే మా నాయన అందరి ముంగట తల దించుకునేటోడు కాదు."

"సరైన సమయం కోసం చూసిన."

"ఎవరికి సరైన సమయం, అన్నా? నాకా, నీకా?"

నాలుగో అధ్యాయంలో లేనిది అదే. రవికాంత్ కూడా తనకు సరైన సమయం కోసమే చూశాడు.

నిరోష ల్యాప్‌టాప్ తెరిచింది.

"జరుగు. ప్లగ్ కావాలె. నా చాప్టర్ ఇంకా గట్లనే ఉన్నది."

అతను జరిగాడు.