గింజ పెద్దదైతే

సిద్దికాకు మనుషులు ముక్కలుగానే తెలుసు. గుంటూరు కొత్తపేటలో, మేడమీది ల్యాబులో ఏళ్ల తరబడి ఆమె రోగుల ఒంట్లోంచి కోసి పంపిన ముక్కల్ని మైక్రోస్కోపులో చూస్తోంది. ఆ ముక్క ఎవరిదో ఆమెకు తెలియదు, ఆమె ఎవరో ముక్క ఇచ్చినవాళ్లకు తెలియదు. మధ్యాహ్నం క్యారేజీ కూడా ఆ బల్ల దగ్గరే, ఒక్కతే విప్పుకునేది.

ఆ రోజు మాత్రం పున్నమ్మ రిపోర్టు కోసం తిన్నగా మెట్లెక్కి వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు ముచ్చికలు తీసే మనిషి. బుగ్గ లోపల మానని పుండు. వివరం సర్జన్‌గారు చెబుతారన్నా కదల్లేదు.

"చూసింది మీరు గదమ్మా, మీరే చెప్పండి."

చావుకబురు చల్లగా చెప్పడం కూడా ఒక విద్యే. సిద్దికాకు అది ఎవరూ నేర్పలేదు. కేంద్రకం అంటే ఈవిడకేం తెలుస్తుందని, "ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గింజ ఉంటుంది పెద్దమ్మా. మీ పుండులో ఆ గింజలు బాగా పెద్దవయ్యాయి, నల్లగా చిక్కబడ్డాయి" అంది.

పున్నమ్మ మొహం విప్పారింది. "గింజ గట్టిపడిందంటే పంట చేతికొచ్చినట్టేగా తల్లీ. ఊరికే బెంగపడ్డాను." రిపోర్టు సంచిలో పెట్టుకుని దిగిపోయింది.

సిద్దికాకు సంగతి తట్టేసరికి గది ఖాళీ. ఈవిడ ఇక సర్జన్ గడప తొక్కదు. పుండు ఆవిణ్ణి తినేస్తుంది. పోనీ, తనను అడిగేవాళ్లెవరు? ఎవరూ లేరు. ఆ సంగతికే ఆమెకు భయమేసింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

కింద సోడాబండి దగ్గర పున్నమ్మ దొరికింది.

"పెద్దమ్మా, నేను చెప్పిన తీరు తప్పు. అది మంచి గింజ కాదు. తాలు."

ఎర్రకాయల్లోంచి తాలుకాయ ఏరి అవతల పడెయ్యడం పున్నమ్మకు రోజూ ఉన్న పనే. సోడాసీసా బండిమీద పెట్టేసింది.

"క్యాన్సరా?"

"అవును. ఇప్పుడే కోసి తీసేస్తే బతకొచ్చు."

పున్నమ్మ సోడాకు చిల్లర ఇచ్చేసింది. "అది చూసినప్పుడు మీ పక్కన ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

"లేరు."

"నాకూ లేరు."

సర్జన్ ఆస్పత్రి ఆ వీధి చివరే. సిద్దికా ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచింది. ముచ్చికలు తీసిన చెయ్యి, ఎంత కడిగినా ఘాటు పోదు. అరచెయ్యి భగ్గున మండుతున్నా సిద్దికా వదల్లేదు.