పురి తిరిగే వైపు

ధర్మవరంలో భద్రమ్మ అతుకు పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఒకటి నేసి ముగించే వేళకు దాని పోగుల కొసలు జానెడు మిగిలే ఉంటాయి. నేతగాళ్ళు వాటిని తీసి పారేయరు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కొక్క పాత కొసకు ఒక్కొక్క కొత్త కొసను ఆనించి, బూడిద అద్దిన వేళ్ళతో పురి పెడతారు. రెండు పోగులూ ఒకటైపోతాయి. ముడి వేయకూడదు, వేస్తే దువ్వెనలాంటి అచ్చు పళ్ళ సందున దూరదు. చీరకు వేల పోగులు, ప్రతి పోగుకూ ఒక అతుకు. భద్రమ్మ ఆ పని చేస్తుంటే చేటలో బియ్యం ఏరుతున్నట్టే ఉండేది. చేయి పోగు మీద, మాట పక్కింటామె మీద, చూపు వీధి మీద. అయినా ఒక్కటీ తప్పేది కాదు.

పందొమ్మిది వందల అరవై మూడులో నేత సొసైటీ వాళ్ళు ఆడవాళ్ళకు అతుకు పని నేర్పే బడి పెట్టారు. ముంగారు వానలు మొహం చాటేసి అప్పటికి రెండో ఏడు. శెనక్కాయ విత్తనం కూడా తినేసిన ఇళ్ళు ఉన్నాయి. బడికి అయ్యవారుగా కుదిరిన పెద్దాయన చెన్నప్ప, "నాకు సాయంగా భద్రమ్మను ఇయ్యండి, చాలు" అన్నాడట. ఆ మాట విన్నరోజు భద్రమ్మ ఉతికిన చీర కట్టుకొని గుడికి పోయి వచ్చింది. ఆమె ఏనాడూ బడి మెట్టు ఎక్కలేదు. ఇప్పుడు నేర్పేదానిగా ఎక్కబోతోంది.

చేరినవాళ్ళలో మేరాజ్ బీ ఒకతె. దూదేకుల మస్తాన్ వలి కూతురు. కరువు ఏళ్ళలో పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఎవరు? తండ్రి దూది ఏకే విల్లు గోడకు తగిలించేశాడు. మొగుడు నూర్ అహమ్మద్ రోడ్డు పనిలో కంకర కొట్టేవాడు. అంతకు ముందొకసారి మేరాజ్ భద్రమ్మ ఇంటికి పరుపు దూది ఏకడానికి వచ్చింది. మెత్తటి దూది పాయల్లోంచి గింజ నలుసులు ఏరే ఆ వేళ్ళను చూసి, "ఇవి పట్టుకు పనికొచ్చే వేళ్ళు" అనుకొంది భద్రమ్మ. తానే పిలిపించి బడిలో చేర్చింది.

బడిలో మిగిలిన ఆడవాళ్ళంతా నేత ఇళ్ళ పిల్లలే. నెల తిరిగేసరికి అందరికీ పని పట్టుబడింది. మేరాజ్‌కు మాత్రం రాలేదు. ఆమె అతికిన పోగులు చూడడానికి చక్కగానే ఉండేవి. మగ్గం మీద ఎక్కించి లాగితే అచ్చు దగ్గరకు వచ్చేసరికి జారి విడిపోయేవి.

"దూది ఏకే చేతులకు పట్టు పోగు ఆగుతాదా?" అని నాగలక్ష్మమ్మ అనే ఆమె నవ్వింది.

"నీ చేతులకు ముద్ద కూడా ఆగదు, నిన్న మజ్జిగ ఒలకబోసుకొంటివి కదా," అంది మేరాజ్. అందరూ నవ్వారు. మేరాజ్ నవ్వలేదు.

ఆ సాయంత్రం చెన్నప్ప భద్రమ్మను పక్కకు పిలిచాడు.

"ఏమ్మా, ఆ పిల్ల సంగతేమి? పట్టు సొసైటీది. ఊడిపోతే నేను ఏమని చెప్పాల? బయట ఇంకా ఆడోళ్ళు కాచుకోనుండారు, మాకు నేర్పండప్పా అని."

"నేర్చుకుంటాది మామా. పట్టుదల ఉండాది."

"పట్టుదల ఉంటే సరా? వచ్చే పడుగు ఆ పిల్ల ఒక్కతే అతకాల. నిలిస్తే ఉంటాది. ఊడితే ఇంటికి పంపించేద్దాం. నువ్వే చెప్పు ఆమెకు."

భద్రమ్మ చెప్పింది. మేరాజ్ ఏడవలేదు. వేళ్ళకు బూడిద అద్దుకుంటూ అడిగింది: "అక్కా, నువ్వు చెప్పేది వింటాండా, చేసేది చూస్తాండా. మరి నావే ఎందుకు ఊడతాండాయి?"

"అలవాటు కావాల మేరాజ్. అలవాటైతే అదే వస్తాది."

భద్రమ్మకు తన తల్లి చెప్పిన మాట అదే.

"తప్పు చేస్తాంటే తప్పే అలవాటైతాది కదక్కా?"

ఇంటికి పోయాక కూడా ఆ మాట భద్రమ్మను వదలలేదు. సాయంత్రం వెలుతురు ఉండగానే వసారాలో రెండు పోగులు తీసుకొని కూర్చుంది. తన చేయి ఏం చేస్తుందో తానే చూడాలని నిదానంగా అతకబోయింది. చేయి మాట వినలేదు. మెట్లు దిగేవాడు కాళ్ళ వంక చూసుకొంటే తడబడినట్టు, వేలు తడబడింది. పోగు జారింది. మళ్ళీ చేసింది, మళ్ళీ జారింది.

జొన్నరొట్టె తడుతున్న అత్త ఆంజినమ్మ తల తిప్పి చూసింది. "ఇన్నేండ్లు అతికినదానివి. ఊరికి నేర్పబోయి ఉన్నది మర్చిపోతివా?"

"మర్చిపోలే అత్తా. ఇన్నాళ్ళూ నాకు తెలుసనుకొంటి."

"ఇదేం మాటమ్మా! తెలీకుండానే చేస్తాంటివా?"

"ఊఁ. తెలీకుండానే చేస్తాంటి."

ఆంజినమ్మ రొట్టె మాడుతున్నా చూసుకోలేదు. కోడలికి గాలి సోకిందేమోనని ఆమె అనుమానం.

మర్నాడు పొద్దున్నే బడిలో భద్రమ్మ ఎప్పటిలాగే మేరాజ్‌కు ఎదురుగా కూర్చుంది. నేత ఇళ్ళలో ఎవరూ అలా కూర్చోరు. తల్లి అతుకుతుంటే కూతురు పక్కన ఒదిగి కూర్చొని, అదే గోడ వైపు చూస్తూ, అదే చేత్తో నేర్చుకొంటుంది. బడిలోని మిగిలిన ఆడవాళ్ళంతా చిన్నప్పుడు అమ్మ పక్కన కొంత చూసినవాళ్ళే. కాని భద్రమ్మకు, అయ్యవార్లు పిల్లలకు ఎదురుగా కూర్చుంటారని తెలుసు. తాను ఇప్పుడు అయ్యవారి పక్షం కాబట్టి మొదటి రోజు నుంచీ ఎదురుగానే పీట వేసుకొంది.

"ఈ రోజు నువ్వు నేర్పు, నేను నేర్చుకుంటా," అంది భద్రమ్మ.

"పరాచకాలాడొద్దక్కా. ఉన్న దిగులు చాలు."

"నిజంగానే చెప్తాండా. నాకేమీ తెలీదనుకో. ఏం చేస్తే ఏమవుతాదో నోటితో చెప్పుకుంటా చెయ్యి."

మేరాజ్ మొదలుపెట్టింది. "రెండు కొసలూ ఆనిస్తి. చూపుడు వేలు కిందికి పెడితి. బొటనవేలు పైకి. ఇట్లా తోస్తి." భద్రమ్మ ఎదుట కూర్చొని ఆ బొటనవేలు ఎటు పోతే తనదీ అటే పోనిచ్చింది. ఇద్దరూ ఒక్కటే చేశారు. భద్రమ్మ అతుకు లాగితే నిలిచింది. మేరాజ్ అతుకు లాగితే ఊడింది.

"చూసినావా," అంది మేరాజ్. "నీ చేతిలో ఏదో ఉండాదక్కా. నా చేతిలో లేదు. నన్ను పంపించెయ్యి."

అప్పటికి ఎండ తలుపులోంచి వచ్చి సరిగ్గా భద్రమ్మ కళ్ళలో పడుతోంది. పోగు కనబడక, పీట తీసుకొని మేరాజ్ పక్కకు వచ్చి కూర్చుంది.

"ఇంకొక్కసారి చెయ్యి."

భుజానికి భుజం ఆనుకొని ఇద్దరూ పోగులు పట్టుకొన్నారు. భద్రమ్మ బొటనవేలు ఎదురుగోడ వైపు పోయింది. మేరాజ్ బొటనవేలు తన రొమ్ము వైపు వచ్చింది.

భద్రమ్మ చేయి ఆగిపోయింది.

"నువ్వు లోపలికి లాగుతాండావు!"

"నువ్వు చూపించింది అదే కదక్కా. నీ వేలు ఎప్పుడూ నా పక్కకే వస్తాండె. నేనూ నా పక్కకే తెచ్చుకొంటి."

నెల రోజులుగా ఎదురుగా కూర్చొని తాను నేర్పింది అద్దంలో బొమ్మ. మేరాజ్ చూసింది చూసినట్టే నేర్చుకొంది. మిగిలిన వాళ్ళ కంటే శ్రద్ధగా నేర్చుకొంది, అందుకే ఒక్కటీ నిలవలేదు.

భద్రమ్మ ఒక పట్టు పోగు తీసి వెలుతురులో పట్టుకొని విప్పి చూసింది. ఆ పోగుకు ముందే ఒక పురి ఉంది, ఒక వైపుకు తిరిగి ఉంది. ముందుకు తోసే వేలు ఆ పురిని బిగిస్తుంది. వెనక్కి లాగే వేలు దాన్నే విప్పుతుంది. ఇన్నేళ్ళు పట్టు పట్టిన చేయి ఈ సంగతి ఏనాడూ ఆమెకు చెప్పలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఆమె ఇంట్లో మగ్గం ఎడమ కొస గోడకు ఆనుకొని ఉంటుంది. అక్కడ కుడి చేయి పట్టక ఎడమ చేత్తో అతికేది. ఆ కొసన అప్పుడప్పుడు పోగులు జారేవి. బూడిద చెమ్మగిల్లిందని ఆమె, గోడ చల్లదనమని మొగుడు అనుకొనేవాళ్ళు. ఎడమ చేతిలో పురి ఎదురు వైపుకు తిరుగుతుందని ఎవరికి తోచింది?

"మేరాజ్, నాకూ సగమే వచ్చునమ్మే," అంది భద్రమ్మ, నవ్వుతూ.

కొత్త పడుగు గురువారం వచ్చింది. మేరాజ్ పొద్దున కూర్చొని మధ్యాహ్నం దాకా లేవలేదు. భద్రమ్మ పక్కనే ఉండి ఒక్క పోగూ ముట్టలేదు. అందరి కంటే ముందు నాగలక్ష్మమ్మే ఒక చెంబు నీళ్ళు తెచ్చి మేరాజ్ పక్కన పెట్టిపోయింది.

అతుకు ముగిశాక చెన్నప్ప నేసిన బట్ట చుట్టుకొనే దోనె దగ్గర నిలబడి పడుగును మెల్లగా లాగాడు. అతుకుల వరుస అచ్చు వైపు కదిలింది. బడి మొత్తం గుడ్లప్పగించి చూస్తోంది. పోగులు పళ్ళ సందుల్లో దూరాయి. ఒకటి జారింది. కొంచెం ఆగి ఇంకొకటి. మేరాజ్ కళ్ళు మూసుకొంది.

"కళ్ళు తెరువుమ్మా," అన్నాడు చెన్నప్ప. "రెండు పోతే ఏమాయె? నావీ పోతాయి."

మిగిలిన పడుగంతా నిండు వాగులా సాఫీగా అవతలికి వచ్చేసింది. చెన్నప్ప వరుస పొడుగునా వేలు రాసి చూసి, భద్రమ్మ వైపు తిరిగాడు.

"ఈ పిల్ల ఉంటాది. ఏం చేస్తివమ్మా?"

భద్రమ్మ వేలు ఎటు పోవాలో చెప్పింది. చెన్నప్ప రెండు పోగులు తెప్పించుకొని వెనక్కి పురి పెట్టి చూశాడు, ఊడింది. ముందుకు పెట్టి చూశాడు, నిలిచింది. మళ్ళీ వెనక్కి పెట్టాడు. చిన్నపిల్లాడిలా కాసేపు అదే ఆటగా ఉండిపోయాడు.

"మా నాయన పక్కన కూర్చొని నేర్చుకొంటి. అడిగే పని లేకపాయె," అన్నాడు చివరికి. "సోమవారం నుంచి కొత్తోళ్ళు వస్తాండారు. నేత ముఖం చూడని వాళ్ళు. అందరినీ నువ్వే చూసుకో."

సోమవారం వచ్చినవాళ్ళకు భద్రమ్మ పీటలన్నీ ఒకే వరుసలో వేయించి, మధ్యలో తాను కూర్చుంది. మేరాజ్ చివరి పీట మీద ఒక ముసలామెకు చూపిస్తోంది. ఇంకా పని మొదలే కాలేదు, కొత్తగా వచ్చిన ఒకామె చేయి చాపి అడిగింది:

"అక్కా, వేలికి బూడిదే ఎందుకు? పిండి అద్దుకుంటే కాదా?"

నెల కిందట అయితే భద్రమ్మ, "పెద్దోళ్ళు చెప్పినారు, అద్దుకో" అని ఉండేది.

"నాకు తెలీదమ్మా," అంది సంతోషంగా. "మేరాజ్, మా ఇంటికి పోయి పిడికెడు పిండి తేపో. చూద్దాం."